మేకు లేని ఛత్

శ్రీనగర్ వెళ్లినవాళ్లు హౌస్‌బోట్ కిటికీలోంచి దాల్ సరస్సును చూస్తారు. నేను మాత్రం తల పైకెత్తి ఛత్‌నే చూస్తూ కూర్చున్నాను. కారణం మా పక్కనున్న పాత బోటు. దానికి మరమ్మతు జరుగుతోంది. వాన నీళ్లు దిగి కుళ్లిన లోకప్పును విప్పి, ఒక బుజుర్గ్ కారీగర్ కొత్త చెక్క ముక్కలు అమరుస్తున్నాడు. ఈ పనిని ఖతంబంద్ అంటారు. మన చెవికి ఏదో ఖతమ్ అయిపోయినట్టు వినిపిస్తుంది గానీ, కాశ్మీరీ ముసల్మానుల చేతుల్లో వందల ఏళ్లుగా బతుకుతున్న హునర్ ఇది.

"ఉస్తాద్, మేకులేవీ?" అని అడిగాను.

"కీల్ కా క్యా కామ్, జనాబ్? ఏక్ టుక్డా దూస్రే కో థామ్ లేతా హై," అన్నాడు.

నిజమే. ఒక ముక్కను ఇంకో ముక్కే పట్టుకుంటుంది. ఆరు మూలలవీ, ఎనిమిది మూలలవీ, నక్షత్రాల్లాంటివీ పలచటి చెక్క ముక్కలు కోస్తారు. వాటి మధ్య రెండువైపులా గాడి తీసిన సన్నని బద్దలు ఉంటాయి. ముక్క అంచు గాడిలోకి జారుతుంది. ముక్కల మధ్య మేకూ లేదు, జిగురూ లేదు. నీళ్ల మీది ఇంట్లో చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మేకు కొడితే చీలుతుంది. గాడిలో ఉంటే కాస్త కదలడానికి జాగా దొరుకుతుంది. పాడైన ముక్కను మార్చుకోవచ్చు. కావాలంటే ఛత్ మొత్తం విప్పి వేరే చోట అమర్చుకోవచ్చు.

ఇది బోట్లలో పుట్టిన పని కాదు. శ్రీనగర్‌లోని నక్ష్‌బంద్ సాహెబ్ జియారత్‌లోనూ ఈ ఛత్ కనిపిస్తుంది. హౌస్‌బోట్లు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. డోగ్రా మహారాజుల రాజ్యంలో బయటివాళ్లకు జమీన్ కొనే హక్కు లేదు. వేసవికి వచ్చే అంగ్రేజులు నీళ్ల మీదే ఇళ్లు కట్టించుకున్నారు. మసీదుల్లో, జియారత్‌లలో పనిచేసిన హునర్ అలా బోటెక్కింది.

మరి దీన్ని కాశ్మీర్‌కు తెచ్చిందెవరు? 14వ శతాబ్దంలో షాహ్-ఎ-హమదాన్ మీర్ సయ్యద్ అలీ హమదానీతో వచ్చిన కారీగర్లని ఒక రివాయత్. 1540లో కాశ్మీర్‌ను గెలిచిన మీర్జా హైదర్ దుగ్లత్ అని ఇంకో మాట. కానీ ఆ మీర్జా హైదరే తన 'తారీఖ్-ఎ-రషీదీ'లో, వేరే నగరాల్లో అరుదైన హునర్లు కాశ్మీర్‌లో విరివిగా ఉన్నాయనీ, అదంతా సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ చలవేననీ రాశాడు. జైనుల్ ఆబిదీన్ ఆయనకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందే పోయిన బాదుషా.

ఒక పీర్, ఒక మీర్జా, ఒక సుల్తాన్. రంపం పట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. మనం బడిలో చదివిన తారీఖూ ఇంతే కదా. ఎవరు కట్టించారో కంఠతా వచ్చు, ఎవరు కట్టారో తెలియదు. నాకైతే ఈ హునర్‌కు ఒకే వారసుడిని వెతకడమే తప్పనిపిస్తుంది. ఆ ఛత్‌ను ఏ ఒక్క ముక్కా మోయడం లేదు. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు, బాప్ నుంచి బేటాకు అందుతూ వచ్చిందే దాని తారీఖ్.

ఆ అందడమే ఇప్పుడు ఆగిపోతోంది. ఉస్తాద్ కొడుకు టాక్సీ నడుపుతున్నాడట. సరస్సులో పాత బోట్లు తగ్గిపోతున్నాయి. 2023 నవంబరులో దాల్ మీద మంటలు లేచి ఐదు హౌస్‌బోట్లు బూడిదయ్యాయి, ముగ్గురు బంగ్లాదేశీ ముసాఫిర్లు చనిపోయారు. కాలిన బోటుతో దాని ఛత్ కూడా పోతుంది. అది మళ్లీ కావాలంటే చెక్క దొరకొచ్చు, చేతులు దొరకాలి కదా.

హైదరాబాద్ వచ్చాక ఫోన్ తెరిచి చూసుకున్నాను. ఛత్ ఫోటోలు నలభై దాకా ఉన్నాయి. ఉస్తాద్ ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. పేరు అడగడం కూడా మరిచిపోయాను. తారీఖ్ రాసినవాళ్ల మీద ఇంత ఫిర్యాదు చేసిన నేనూ అదే పని చేశాను.

మీ ఖాందాన్‌లో జర్దోజీ, బిద్రీ, బఢయీ పని చేసిన నానాలు, దాదీలు ఉంటే, ఈ రాత్రే వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టండి.