వెన్న తీసిన పాల విలువ

అమెరికాలో మా ఇంట పొద్దున్నే అయిదు నిమిషాల్లో అయిపోయే ఫలహారం ఒకటుంది. అరకప్పు కాటేజ్ చీజ్, పైన అనాస ముక్కలు, కాసిని బాదం పలుకులు. చీజ్ ఒక్కదాంట్లోనే 12 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఇది ఈ మధ్య పుట్టిన మోజని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక్కడి పాడి రైతుల ఇళ్లలో వెన్న తీయగా మిగిలిన పాలను పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచి పులవనిచ్చేవారు. తోడుకున్నాక సన్నసెగ మీద వేడిచేస్తే తేట విడిపోయేది. మిగిలిన గడ్డను గుడ్డలో మూటగట్టి వేలాడదీసి, నీరు ఓడ్చాక ఉప్పు, కాస్త మీగడ కలిపేవారు. అదే కాటేజ్ చీజ్.

మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికీ మిత్రదేశాలకూ మాంసం పంపాల్సి వచ్చింది. అప్పుడు వ్యవసాయ శాఖ, మాంసం తగ్గించి కాటేజ్ చీజ్ తినమని పోస్టర్లు వేయించింది. కార్డు ముక్క రాసినవాళ్లకు వంటకాల వివరాలు పంపింది.

తర్వాత అది ఒళ్లు తగ్గాలనుకునేవాళ్ల తిండయింది. 1974 ఆగస్టు 8న, రాజీనామా ప్రకటించిన రోజున, అధ్యక్షుడు నిక్సన్ తిన్న మధ్యాహ్న భోజనం ఫొటో ఇప్పటికీ ఉంది. వెండి పళ్లెంలో అనాస చక్రాలు, నడుమ కాటేజ్ చీజ్, పక్కన గ్లాసుడు పాలు. ఆ తర్వాతి దశాబ్దాల్లో యోగర్ట్ దాన్ని వెనక్కి నెట్టింది. ఇప్పుడు ప్రోటీన్ పేరుతో మళ్లీ గిరాకీ వచ్చింది.

పేరు ఎవరికి వచ్చినా, చుక్క పాలు వృథా పోనివ్వని ఆ పల్లె ఇల్లాళ్ల నేర్పే దీనికి మూలం. మా పిల్లలకు నేను మొదట చెప్పేది వాళ్ల గురించే.