టెక్సాస్ సర్కారు బడి: గుమ్మం దాటి వచ్చిన పిల్లలు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్లు ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని అడుగుతారు. తూర్పు వాకిలి ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. మన దగ్గర ఉన్నన్నాళ్లూ సర్కారు బడి మాటెత్తితే మొహం చిట్లించి, అప్పు చేసైనా పిల్లల్ని కాన్వెంటులో వేసిన మనమే, ఇక్కడికొచ్చాక సర్కారు బడి కోసం ఎక్కువ ధర పెట్టి ఇల్లు కొంటున్నాం. పన్నెండో తరగతి దాకా ఫీజు లేదు, పుస్తకాలు బడివే. సెలవులకి ఊరొచ్చినప్పుడు చుట్టాలు అడుగుతుంటారు, "అక్కడ గవర్నమెంటు స్కూళ్లు కూడా బాగుంటాయటగా?" అని. చాలావరకు బాగుంటాయి. అన్నీ కాదు. బాగున్నవి కూడా మొదట్నుంచీ అందరివీ కావు. అలాంటి ఒక బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెప్పుకుంటున్నాను కాబట్టి, ఆ కథ కొంత మీకు చెప్పాలనిపించింది.

మే నెలాఖర్లో సెలవులిచ్చే ముందు మా టీచర్లందరం లైబ్రరీలో కూర్చుంటాం. ఏడాది మొత్తంలో 'ఇందుకే కదా ఈ పనిలో ఉన్నాం' అనిపించిన సంగతి తలా ఒకటి చెప్పాలి. పరీక్షలో ఎంత శాతం పాసయ్యారన్న మాట ఆ గంటలో ఎవరి నోటా రాదు. పోయినసారి స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ తన తరగతిలోని ఆరేళ్ల పిల్లాడి గురించి చెప్పింది. వాడికి మాటలు రావు. దాహమేస్తే ఏడవడం ఒక్కటే తెలుసు. ఓ రోజు ట్యాబ్లెట్ మీద నీళ్ల గ్లాసు బొమ్మ నొక్కి ఆమెవైపు చూశాడట. ఆమె నీళ్లిచ్చింది. తాగేసి మళ్లీ నొక్కాడు. మళ్లీ ఇచ్చింది. ఈసారి తాగలేదు, గ్లాసు పట్టుకుని నవ్వాడు. నొక్కితే నిజంగా వస్తున్నాయా లేదా అని చూసుకున్నాడు, అంతే.

నా వంతు వచ్చినప్పుడు హోండురాస్ నుంచి వచ్చిన అమ్మాయి గురించి చెప్పాను. ఇంగ్లీషు రాదు. బళ్లో చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పింది లేదు. ఆ రోజు పాఠం భిన్నాలు: మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా? మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని సగం క్లాసు నాలుగింట ఒక వంతుకే ఓటేసింది. ఈ పిల్ల ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకుని, ఒకటి మూడు మడతలు, ఇంకోటి నాలుగు మడతలు పెట్టింది. ఒక్కో ముక్క చింపి పక్కపక్కన డెస్కు మీద పెట్టి, పక్కనున్న కుర్రాడితో స్పానిష్‌లో ఏదో అంది. వాడు లేచి మాకు చెప్పాడు: "ఎక్కువమందికి పంచితే తలా కొంచెమే వస్తుందంటోంది." భిన్నాల గురించి నేను అంతకన్నా తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు.

ఇలాంటివి వింటున్నప్పుడు కళ్లు చెమర్చడం మామూలే. కానీ టెక్సాస్ చరిత్ర కాస్త చదివాక నాకు ఇంకొకటి కూడా కనిపించసాగింది. మేం మురిసిపోయి చెప్పుకున్న పిల్లల్లో చాలామంది, యాభై అరవై ఏళ్ల కిందటైతే మా గదుల్లో ఉండేవాళ్లే కారు. మాటలు రాని పిల్లాడి సంగతే చూడండి. వికలాంగులైన పిల్లలు 10 లక్షల మందిని బడులు అసలు చేర్చుకోవడమే లేదని 1975లో అమెరికా కాంగ్రెస్ చట్టంలోనే రాసుకుంది. వాళ్లకి ఉచితంగా, తగిన చదువు చెప్పి తీరాలన్నది ఆ చట్టంతోనే వచ్చింది.

అమెరికా రాజ్యాంగంలో చదువు ప్రస్తావనే లేదు. అది రాష్ట్రాల పని. అందరికీ ఒకే బడి, ప్రజల పన్నుతో నడిచే బడి అన్న ఆలోచనకి మసాచుసెట్స్‌లో హొరేస్ మన్ 1837 నుంచి ఊపిరి పోశాడు. 'అందరికీ' అన్నమాట మాత్రం దక్షిణానికి వచ్చేసరికి కురచైపోయింది. టెక్సాస్ 1876 రాజ్యాంగం తెల్ల పిల్లలకీ నల్ల పిల్లలకీ వేరు బడులు ఉండాలని రాసింది. మెక్సికన్ పిల్లల గురించి అలా ఏమీ రాయకపోయినా, ఊరూరా వాళ్లకి 'మెక్సికన్ స్కూల్' విడిగానే ఉండేది.

అలాంటి ఒక బడికి 1928లో ఇరవై ఏళ్ల కుర్రాడు పంతులుగా వెళ్లాడు. శాన్ ఆంటోనియోకీ లరేడోకీ మధ్యనున్న కొటుల్లా అనే చిన్న ఊరు. చేతిలో డబ్బుల్లేక కాలేజీ చదువు మధ్యలో ఆపి వచ్చినవాడు. మొదటి జీతంలోంచి పిల్లలకి ఆట సామాన్లు కొన్నాడు. డిబేట్లు పెట్టాడు, పక్క ఊళ్లతో పోటీలు ఆడించాడు. ఇంకో పక్క, బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడితే శిక్షించేవాడు కూడా. ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పడం టెక్సాస్‌లో 1918 నుంచీ నేరమే. ఆ పంతులు పేరు లిండన్ జాన్సన్.

1965 మార్చి 15న, దేశాధ్యక్షుడి హోదాలో, ఓటు హక్కు బిల్లు గురించి కాంగ్రెస్ ఉభయ సభల ముందు మాట్లాడుతూ ఆయన కొటుల్లా పిల్లల్ని తలుచుకున్నాడు. పొద్దున్నే ఏమీ తినకుండా బడికొచ్చేవాళ్లనీ, జనం తమని ఎందుకు ఈసడించుకుంటారో ఆ వయసులో వాళ్లకి అర్థమయ్యేది కాదనీ చెప్పాడు. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 11న, తాను అక్షరాలు దిద్దిన పల్లెటూరి బడి ముందు బల్ల వేయించుకుని, తన తొలి టీచరు కేట్ డెడ్రిక్ లోనీని పక్కన కూర్చోబెట్టుకుని, పేద పిల్లలున్న బడులకి కేంద్రం డబ్బిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. బళ్లో పొద్దుటి టిఫిన్ పథకం 1966లో, రెండు భాషల పిల్లల చదువుకి సాయం చేసే చట్టం 1968లో వచ్చాయి. రెండింటి మీదా ఆయన సంతకమే. పిల్లల్ని స్పానిష్ మాట్లాడినందుకు దండించిన పంతులే చివరికి ఆ రెండు భాషల చట్టం మీద సంతకం చేశాడు. చరిత్రలో నాకు బాగా నచ్చే మలుపుల్లో ఇదొకటి. ఆయనే 1965 అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం పెట్టిన వలస చట్టం వల్లే మనలాంటి ఆసియావాళ్లకి ఈ దేశం తలుపు తెరుచుకుంది.

పేద పిల్లల బడులకి కేంద్రం ఇచ్చే ఆ డబ్బు మాట చిన్నదిగా తీసెయ్యకండి. వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చినా, ఫోర్ట్‌వర్త్ పక్కనున్న మాన్స్‌ఫీల్డ్‌లో 1956లో నల్ల పిల్లలు హైస్కూల్లో చేరబోతే వందలమంది గుమిగూడి దిష్టిబొమ్మలు వేలాడదీశారు. గవర్నర్ అలన్ షివర్స్ టెక్సాస్ రేంజర్లని పంపింది పిల్లలకి దారివ్వడానికి కాదు, వాళ్లని బయటే ఉంచడానికి. పిల్లలు పాతికా ముప్ఫై కిలోమీటర్ల దూరాన ఫోర్ట్‌వర్త్‌లోని నల్లవాళ్ల బడికి బస్సెక్కి పోతూనే ఉన్నారు. కోర్టు మాట వినని ఊరు, కేంద్రం డబ్బు ఆగిపోతుందనేసరికి 1965లో గేటు తీసింది.

అయినా అసలు ముడి విడలేదు. ఇక్కడ బడి ఖర్చులో పెద్ద వాటా ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్లున్న చోట బడి కలిగినది, పేదపేటలో బడి పేదది. 1968లో శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు పగిలిన కిటికీలు, అర్హత లేని టీచర్లు మాకొద్దంటూ తరగతులు వదిలి బయటికొచ్చారు. ఆ పేటలో ఉండే డెమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పనివాడు, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. కేసులో బయటపడిన లెక్కలివి: ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టినా అందులోంచి పిల్లవాడికి దక్కింది 26 డాలర్లు. అదే నగరంలోని సంపన్నుల పేట అలమో హైట్స్ 85 సెంట్లే కట్టి 333 డాలర్లు పొందింది. 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని కేసు కొట్టేసింది. తర్వాత టెక్సాస్ సుప్రీంకోర్టు 1989లో ఈ పద్ధతి చెల్లదంది. ధనిక డిస్ట్రిక్టుల పన్నులో కొంత పేద డిస్ట్రిక్టులకి మళ్లించే చట్టం 1993లో వచ్చింది. దాన్ని ఇక్కడ రాబిన్‌హుడ్ అంటారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లేనో లాంటి చోట్ల దీని మీద సణుగుడు నిత్యం వినిపిస్తుంది.

నా హోండురాస్ పిల్ల విషయానికొస్తే, ఈ దేశంలో ఉండటానికి ఆమెకి కాగితాలున్నాయో లేవో నాకు తెలియదు. బడి అడగదు. అదీ టెక్సాస్ కేసు పుణ్యమే. కాగితాల్లేని పిల్లల చదువుకి డబ్బు ఇవ్వబోమని రాష్ట్రం 1975లో చట్టం చేసింది. టైలర్ అనే ఊళ్లో 1977లో అలాంటి పిల్లలకి ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టారు. నాలుగు కుటుంబాలు కోర్టుకెళ్లాయి. జనం కంట పడకూడదని జడ్జి విలియం వేన్ జస్టిస్ విచారణ పొద్దున్నే ఆరు గంటలకి పెట్టాడు. అక్కణ్నుంచే దేశం దాటించేస్తారేమోనన్న భయంతో ఆ కుటుంబాలు సామాన్లు కార్లలో సర్దుకుని మరీ వచ్చాయి. 1982లో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. మళ్లీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. కేసులో ఓడిన సూపరింటెండెంట్ జేమ్స్ ప్లైలర్, ఓడిపోవడమే మంచిదైందని, ఆ పిల్లలకి చదువు దక్కిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. టీచర్లు నెమరువేసుకునే మంచి ఘడియల్లో దాన్నీ చేరుస్తాను నేను.

ఒక్క ఓటు అటు పడి ఉంటే కాగితాలు లేని పిల్లలు బయటే. ఒక్క ఓటు ఇటు పడి ఉంటే ఎడ్జ్‌వుడ్ పిల్లలకి సరైన కిటికీలు అప్పుడే వచ్చేవి. కాబట్టి ఇక్కడి సర్కారు బడి గొప్పతనం అమెరికావాళ్ల మంచితనం కాదు, డబ్బు మహిమ కూడా కాదు. దాన్ని వదిలిపోకుండా దాని గుమ్మం దగ్గరే నిలబడి కొట్లాడినవాళ్లు సంపాదించిపెట్టింది. వదిలిపోయే దారి ఇప్పుడు ఇక్కడా పడుతోంది. ప్రైవేటు స్కూలు ఫీజులకి 100 కోట్ల డాలర్ల ప్రభుత్వ సొమ్ము కేటాయించే చట్టం మీద గవర్నర్ గ్రెగ్ అబాట్ 2025 మేలో సంతకం చేశాడు. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దాని లాభనష్టాల లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. కాస్త స్తోమత ఉన్నవాళ్లంతా తప్పుకున్నాక సర్కారు బడికి ఏమవుతుందో గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెరిగిన మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. టెక్సాస్‌వాళ్లకే ఎవరో చెప్పాలి. స్కూల్ బోర్డు మీటింగులో మూడు నిమిషాలు మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటుంది; ఈసారి నా పేరు కూడా ఇచ్చాను.