వరద కంటే ముందు చేరిన సాయం: బంగ్లాదేశ్ అనుభవం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

విపత్తు సంభవించాక నష్టాన్ని అంచనా వేయడం, విరాళాలు కోరడం, ఆపై సాయం పంపడం చిరకాలంగా సాగుతున్న పద్ధతి. ఈ క్రమంలో బాధితుల చేతికి సాయం అందేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. వాతావరణ సూచన ఆధారంగా విపత్తుకు ముందే సాయాన్ని విడుదల చేసే పద్ధతి ఇటీవలి కాలంలో రూపుదిద్దుకున్నది. 2020 జమునా నది వరదల సందర్భంలో బంగ్లాదేశ్‌లో ఇది అమలైన తీరును, దాని వెనుక ఉన్న చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తున్నది.

2. హెచ్చరిక చరిత్ర:

1970 నవంబరు 12న నాటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తాకిన భోలా తుపాను మూడు నుంచి ఐదు లక్షల మందిని బలిగొన్నదని అంచనా. తుపాను రాక వాతావరణ నిపుణులకు తెలియకపోలేదు. ఆ సమాచారం దీవులలోని పల్లెలకు తగిన రీతిలో చేరలేదు. చేరినచోట తలదాచుకోవడానికి చాలినన్ని ఎత్తైన కట్టడాలు లేవు. దేశం స్వతంత్రమయ్యాక, 1972లో, రెడ్‌క్రాస్ తోడ్పాటుతో తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. గ్రామ కార్యకర్తలు జెండాలతో, మెగాఫోన్లతో ఇంటింటికీ హెచ్చరికను చేరవేశారు. అయినా 1991 తుపానులో సుమారు 1,38,000 మంది మరణించారు. ఆశ్రయ భవనాలు పెరిగిన తరువాత, 2007 నాటి సిద్ర్ తుపానులో మృతుల సంఖ్య సుమారు మూడున్నర వేలకు పరిమితమైంది.

ఇదే బంగాళాఖాతం ఒడ్డున ఆంధ్రప్రదేశ్ కూడా ఇటువంటి పాఠాన్నే నేర్చుకున్నది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. 1990 మే తుపానుకు ముందు ఆరు లక్షలకు పైగా ప్రజలను తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు.

3. ప్రాణరక్షణ నుంచి జీవనోపాధికి:

హెచ్చరిక ప్రాణాన్ని కాపాడింది కాని, బతుకుతెరువును కాపాడలేకపోయింది. జమునా నదీగర్భంలో గోదావరి లంకలను పోలిన 'చర్'లలో నిరుపేదలు నివసిస్తారు. నీరు పెరుగుతున్నదని తెలిసినా పడవ బాడుగకు, తిండిగింజలకు చేతిలో డబ్బు లేనివారు పశువులను అయినకాడికి అమ్ముకుంటారు. అధిక వడ్డీకి అప్పు తెస్తారు. వరద తగ్గాక వచ్చే సాయం అమ్మిన ఆవును తిరిగి తేలేదు.

ఈ లోటును పూరించడానికి రెడ్‌క్రాస్ సంస్థలు సూచన ఆధారిత ఆర్థిక సాయాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టాయి. 2015లో ఉగాండాలో వరద సూచన అందగానే నీటిశుద్ధి మాత్రలు మొదలైనవి ముందుగా పంచారు. 2018లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య ఇందుకు ప్రత్యేక నిధిని ఏర్పరచింది.

4. 2020 జమునా వరదలు:

ఏ స్థాయి వరదకు ఎంత సంభావ్యత ఉంటే నిధులు విడుదల కావాలో, ఏ సంస్థ ఏ పని చేయాలో వరదకు ముందే నిర్ణయించారు. జూలై 4న సూచన ఆ పరిమితిని చేరింది. ఐక్యరాజ్యసమితి కేంద్రీయ అత్యవసర నిధి సుమారు 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. ప్రపంచ ఆహార కార్యక్రమం 23 వేలకు పైగా కుటుంబాలకు 4,500 టాకాల చొప్పున మొబైల్ ఖాతాల ద్వారా పంపింది. సాయం అందని కుటుంబాలతో పోల్చినప్పుడు, అందుకున్నవారు వరద సమయంలో ఒక రోజంతా పస్తు ఉండే అవకాశం 36 శాతం తక్కువని తరువాతి అధ్యయనం తేల్చింది.

5. ముగింపు:

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. సూచన తప్పితే సొమ్ము వృథా అయిందన్న విమర్శ వస్తుంది. పరిమితిని మరీ ఎక్కువగా నిర్ణయిస్తే సాయం ఆలస్యమవుతుంది. మరీ తక్కువైతే రాని వరదకు నిధి ఖర్చయిపోతుంది. జాబితాలో పేరు లేని కుటుంబానికి ఎంత కచ్చితమైన సూచన అయినా ఉపకరించదు. 1970లోనూ 2020లోనూ ప్రమాదం ముందే తెలిసింది. రెండవసారి ఆ సమాచారం అందిన తరువాత ఎవరు ఏమి చేయాలో, అందుకు డబ్బు ఎక్కడిదో అప్పటికే నిర్ణయమై ఉన్నది. యాభై ఏళ్ల చరిత్రలో వచ్చిన ప్రధానమైన మార్పు ఇదే.