గొరిల్లా పారిపోవడం మానిన కథ

ఆఫ్రికా నడిబొడ్డున రువాండా, ఉగాండా, కాంగో దేశాల సరిహద్దులు కలిసేచోట విరుంగా అనే అగ్నిపర్వతాల వరుస ఉంది. అక్కడ పొద్దున్నే ఎనిమిది మందికి మించని ఒక జట్టు కొండెక్కుతుంది. ముందు నడిచేవాడు కత్తితో తీగలు నరికి దారి చేస్తుంటాడు. కాళ్ల కింద బురద, చేతులకు తగిలితే భగ్గుమనే దురద మొక్కలు. గంటలో చేరవచ్చు, నాలుగైదు గంటలూ పట్టవచ్చు. చివరకు ఆకుల మధ్య నల్లటి బొచ్చు కదులుతుంది. వెండిరంగు వీపున్న పెద్ద మగ గొరిల్లా ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ కాడలు నమలడంలో పడిపోతుంది. పారిపోదు, మీదికి రాదు. గంటసేపు చూశాక జట్టు వెనుదిరగాల్సిందే.

ఆ జంతువు అంత తాపీగా కూర్చోవడం వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది మొదలైంది తుపాకీతో. 1902 అక్టోబరులో రాబర్ట్ ఫాన్ బెరింగె అనే జర్మన్ సైనికాధికారి సబిన్యో పర్వతం ఎక్కుతూ రెండు పెద్ద వానరాలను కాల్చాడు. ఒకదాని అస్థిపంజరం బెర్లిన్ చేరింది. మరుసటి సంవత్సరం పాల్ మాట్షీ దానిని కొత్త జాతిగా వర్ణించి, చంపినవాడి పేరే పెట్టాడు. కొండ గొరిల్లా శాస్త్రీయ నామంలో ఆ పేరు నేటికీ ఉంది! 1921లో కార్ల్ ఏక్లీ బృందం న్యూయార్క్ మ్యూజియం కోసం మరో ఐదింటిని చంపింది. అయితే ఏక్లీ మనసు మారింది. వాటికి రక్షణ కావాలని ఆయన పట్టుబట్టాడు. 1925లో బెల్జియం రాజు ఆల్బర్ట్ పేరిట జాతీయ పార్కు ఏర్పడింది.

తుపాకీ లేకుండా వెళ్లి చాలాకాలం గమనించినవాడు జార్జ్ షాలర్. 1959లో ఆయన అనుసరించిన పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది. చాటున దాక్కోలేదు. గొరిల్లాలకు కనిపించేలా, నెమ్మదిగా, రోజూ వెళ్లాడు. దాక్కున్నవాణ్ని చూసి జంతువు బెదురుతుంది, కనిపిస్తూ ఉన్నవాణ్ని మెల్లగా లెక్కచేయడం మానేస్తుంది. గుండెలు బాదుకోవడం చాలాసార్లు బెదిరింపు మాత్రమేనని ఆయన పరిశీలనలు తేల్చాయి.

1967లో రువాండాలో కరిసోకే శిబిరం నెలకొల్పిన డయాన్ ఫాసీ ఇంకో అడుగు ముందుకు వేసింది. నిటారుగా నిలబడకుండా పాకుతూ వెళ్లేది. వాటిలాగే ఒళ్లు గోక్కునేది, కాడలు నమిలేది, తృప్తిగా ఉన్నప్పుడు అవి చేసే శబ్దాన్ని అనుకరించేది. 1970లో ఒక మగ గొరిల్లా తనంతట తానే ఆమె చేతిని తాకింది.

ఇక్కడ ఒక మాట. దీన్ని మాలిమి చేయడం అనుకోకూడదు. మాలిమి చేసిన జంతువు మన చేతి తిండికి వస్తుంది. ఇక్కడ తిండి పెట్టరు, పిలవరు. భయం ఒక్కటే తీసేస్తారు. ఒక కుటుంబానికి ఆ భయం పోవడానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

కానీ భయం తీసేయడం చిన్న విషయమా? మనిషిని చూసి బెదరని గొరిల్లాకు చూడ్డానికి వచ్చినవాడెవడో, చంపడానికి వచ్చినవాడెవడో ఎలా తెలుస్తుంది? ఫాసీకి ఎంతో ఇష్టమైన డిజిట్‌ను 1977 డిసెంబరు 31న వేటగాళ్లు బల్లేలతో పొడిచి చంపి, తల, చేతులు నరికి తీసుకుపోయారు. ఆమె పర్యాటకులను రానివ్వడానికి ఇష్టపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకోవైపు అడవే కరిగిపోతోంది. 1960ల చివర పురుగుమందుకు పనికివచ్చే పైరిత్రం అనే చామంతి జాతి పంట కోసం రువాండా పార్కులో సుమారు 10,000 హెక్టార్లు తీసేశారు. మరో 5,000 హెక్టార్లను పశువులకు ఇవ్వాలన్న ప్రతిపాదనా వచ్చింది. గజం భూమి కోసం తపించే రైతుదేశం అది. గొరిల్లాల వల్ల మాకేమిటని వారడిగితే తప్పెలా అవుతుంది? బిల్ వెబర్, ఏమీ వెడ్డర్ దానికి జవాబు వెతికారు. 1979లో మొదలైన ప్రాజెక్టు కింద కొన్ని కుటుంబాలను మనుషులకు అలవాటు చేసి, చిన్న జట్లను రుసుముతో తీసుకెళ్లసాగారు. 2017 నుంచి రువాండాలో ఆ ఒక్క గంటకు విదేశీయులు చెల్లించేది 1,500 డాలర్లు. పార్కు ఆదాయంలో పదోవంతు చుట్టుపక్కల గ్రామాలకు పోతుంది.

అందరికీ మేలే జరిగిందని చెప్పలేం. ఉగాండాలో 1991లో బ్విండి అడవి జాతీయ పార్కు అయినప్పుడు తరతరాలుగా అక్కడ బతికిన బట్వా ప్రజలు దానికి దూరమయ్యారు.

వేటగాడి బల్లెం కన్నా కనిపించని ప్రమాదం మరొకటి ఉంది. గొరిల్లా మనకు దగ్గరి బంధువు కనుక మన జలుబు దానికీ అంటుతుంది. 2009లో రువాండాలోని ఒక కుటుంబంలో శ్వాసకోశ వ్యాధి వ్యాపించి ఒక ఆడ గొరిల్లా, ఒక పిల్ల చనిపోయాయి. వాటిలో దొరికింది మనుషుల్లో ఉండే వైరస్! దగ్గుతున్నవారిని కొండెక్కనివ్వరు, మాస్కు పెట్టిస్తారు, దూరంగా నిలబెడతారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు పార్కులనే మూసేశారు.

1981 గణనలో విరుంగాలో 254 గొరిల్లాలే తేలాయి. 2015-16 గణనలో అవి 604. బ్విండి ప్రాంతంలో 2018లో లెక్కించిన 459 కలిపితే 1,063. మనుషుల నుంచి ఇంత రాకపోకలు ఉండి కూడా ఒక పెద్ద వానరం సంఖ్య పెరగడం అరుదు.

ఈ లెక్కలు ఎలా వేస్తారో తెలుసా? గొరిల్లాలు ప్రతి రాత్రీ ఆకులు, కొమ్మలు వంచి కొత్త పడక కట్టుకుంటాయి. మనుషులకు అలవాటు పడని కుటుంబాల విషయంలో ఆ పడకలు లెక్కపెడతారు, అక్కడి పేడలోని డీఎన్ఏను పరీక్షిస్తారు. అలవాటైన కుటుంబాల దగ్గరకు మాత్రం జాడ పట్టేవాళ్లు రోజూ వెళతారు. నిన్న విడిచిపెట్టిన చోటికి పొద్దున్నే చేరి, రాత్రి పడకలను వెతికి, అక్కడి నుంచి విరిగిన కాడల వెంట నడక మొదలుపెడతారు.