బాంబులు పడ్డ చోట సైకిల్ పందేలు

మన ఊళ్ళలో ఆగస్టు 15కి స్లో సైకిల్ పందెం పెట్టేవాళ్ళు, గుర్తుందా? ఆఖరున వచ్చినవాడే గెలిచినట్టు. దానికి పూర్తిగా ఎదురు ఆట ఒకటి ఇంగ్లండులో ఉంది. పేరు సైకిల్ స్పీడ్‌వే. ఆట చిన్నదే గానీ, దాని వెనక ఒక భూమి కథ ఉంది. అందుకే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

1940 సెప్టెంబరు నుంచి 1941 మే దాకా జర్మనీ విమానాలు లండన్ మీద, ఇంకా చాలా పట్నాల మీద బాంబులు కురిపించాయి. 1942 ఏప్రిల్లో నార్విచ్ వంతు వచ్చింది. నార్విచ్ అంటే గోధుమ, బార్లీ, చక్కెర దుంప పండే నార్ఫోక్ జిల్లాకి పెద్ద పట్నం. 1945లో యుద్ధం ఆగింది గానీ కూలిన ఇళ్ళు కూలినట్టే ఉన్నాయి. తిండికి రేషన్, బట్టలకి రేషన్, పెట్రోలుకి రేషన్. పిల్లలు తినే మిఠాయికి కూడా రేషనే, అది పూర్తిగా తీసేసింది 1953లో.

అప్పుడు పెద్దవాళ్ళకి మోటార్ సైకిల్ స్పీడ్‌వే అంటే పిచ్చి. 1928 నుంచీ అక్కడ ఆడుతున్న ఆట అది. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట, బ్రేకులు లేని బండ్లు, వేలల్లో జనం. చూసిన పిల్లలు ఊరుకుంటారా? మోటారు కొనే తాహతు లేదు. పాత సైకిల్ ఉంది, శిథిలాల దిబ్బ ఉంది. ఇటుకలు, రాళ్ళు ఏరి పక్కన పోశారు. నేల చదును చేశారు. బాట వాళ్ళే వేసుకున్నారు. జట్లు కట్టి, పేర్లు పెట్టుకుని, వీధికీ వీధికీ పందేలు. వాళ్ళని స్కిడ్ కిడ్స్ అనేవారు, అంటే జారుడు పిల్లలన్నమాట. ఆ పేరుతోనే 1953లో పిల్లల సినిమా కూడా వచ్చింది.

ఆట ఎట్లాగంటే, జట్టుకి ఇద్దరు చొప్పున నలుగురు దిగుతారు. నాలుగు చుట్లు, ఎడమ చేతి వైపే తిరగాలి. సైకిల్‌కి బ్రేకు ఉండదు, గేరు ఒకటే. మలుపులో ఎడమ కాలు నేలకి ఆనించి, వెనక చక్రం జారుతుండగా తిప్పుకోవాలి. ఒక పందెం నిమిషం లోపే అయిపోతుంది. ఈ రోజుల్లో మొదటివాడికి 4, తర్వాతవాళ్ళకి 3, 2, 1 పాయింట్లు. ఒకడు గెలిచినంత మాత్రాన జట్టు గెలవదు, వెనకొచ్చే రెండోవాడి పాయింటు కూడా కావాలి.

మరి అంత ఊపు మీదున్న ఆట ఎందుకు తగ్గింది? రెండు కారణాలు. ఒకటి, 18 ఏళ్ళు నిండిన కుర్రాళ్ళు తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి, 1950 నుంచి అది రెండేళ్ళయింది. రెండోది నేల. ఆ దిబ్బలు పిల్లలవి కావు. ఎవరికీ పనికిరానన్నాళ్ళు వాళ్ళని ఎవరూ అడగలేదు. ఇళ్ళు కట్టడం మొదలయ్యాక ఒక్కో బాటా పోయింది. ఇళ్ళు కట్టడం తప్పు కాదు, గూడు లేని జనానికి గూడు కావాలిగా. కానీ పిల్లలకి వేరే చోటు చూపించాలన్న ఆలోచన అన్ని ఊళ్ళలో రాలేదు.

చోటు దొరికిన ఊళ్ళలో ఆట బతికింది. దక్షిణ తీరంలో పూల్ అనే ఊళ్ళో సైకిల్ బాట జనం తిరిగే పార్కులోనే ఉంది. నార్విచ్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఫర్స్ అని పేరున్న మోటార్ స్పీడ్‌వే మైదానం ఉండేది. 1964లో దాన్ని ఇళ్ళ కోసం అమ్మేశారు. అంత పెద్ద ఆట ఆ పట్నంలోంచి పోయింది. నార్విచ్‌కి పది కిలోమీటర్ల లోపు హెథర్‌సెట్ అనే పల్లె ఉంది. ఆ పల్లె సైకిల్ క్లబ్ మాత్రం నిలబడింది. డబ్బున్న ఆట పోయి పేద ఆట మిగిలిందంటే కారణం కాళ్ళ బలం ఒక్కటే కాదు, కాళ్ళ కింద నేల.

మనం తొక్కిన హెర్క్యులస్ బర్మింగ్‌హామ్‌లో పుట్టిన పేరు, ర్యాలీ నాటింగ్‌హామ్‌లో పుట్టిన పేరు. సైకిళ్ళు అక్కణ్ణుంచి మన దాకా వచ్చాయి. ఈ పాఠం కూడా రావాలి. మన ఊళ్ళలో పిల్లలు ఆడేది ఎక్కడ? పంట కోసిన చేలో, చెరువు లోపలి ఎండిన నేలలో, ఎవరిదో ఖాళీ స్థలంలో. లేఅవుట్ రాళ్ళు పాతిన రోజున ఆ ఆట అయిపోయినట్టే. రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు, సాగు చేసినంత మాత్రాన భూమి మనదవదు, కాగితం ఉండాలి. పిల్లల ఆటస్థలానికీ అంతే. బడి పేరునో పంచాయతీ పేరునో ఎకరమో అరెకరమో రికార్డులో ఎక్కితేనే నిలుస్తుంది.

మీ ఊళ్ళో పిల్లలు ఆడే చోటు ఎవరి పేరున ఉందో ఒకసారి కనుక్కుని కింద రాయండి.