లేని కంప్యూటర్ కోసం రాసిన ఆట

మదీనాగూడ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో హైవే హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి ఉద్యోగంలో పనేంటంటే, ఎవరో ఎప్పుడో కోబాల్‌లో రాసిన ప్రోగ్రాముల్ని జావాలోకి మార్చడం. సంక్రాంతికి ఊరెళ్తే నాన్న అడిగారు: "ప్రోగ్రాం రాసింది వేరేవాళ్ళు. మరి నువ్వేం చేసినట్టురా?" నా దగ్గర జవాబు లేదు. హైటెక్ సిటీ వైపు రోజూ వెళ్ళొచ్చే చాలామందికి ఈ ప్రశ్న తెలుసు. మైగ్రేషన్ అంటాం, పోర్టింగ్ అంటాం. ఇంట్లోవాళ్ళు "ఓహో, అంతేనా" అంటారు. నాకు దానికి జవాబు ఒక పాత ఆట చరిత్రలో దొరికింది.

ఆట పేరు జోర్క్. బొమ్మలుండవు, మ్యూజిక్ ఉండదు, అన్నీ అక్షరాలే. మీరెక్కడున్నారో, ఎదురుగా ఏముందో ఆట రెండు మూడు వాక్యాల్లో చెప్తుంది. ఉత్తరానికి వెళ్ళు, దీపం తీసుకో, తలుపు తెరువు... ఇలా మీరు ఇంగ్లీషులో టైప్ చేస్తూ పోవాలి. 1977లో అమెరికాలోని ఎంఐటీలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు దీన్ని మొదలుపెట్టారు. వాళ్ళు వాడింది పీడీపీ-10. గదంత కంప్యూటర్. అప్పటికే మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ టీడీసీ పేరుతో కంప్యూటర్లు తయారుచేస్తోంది. కానీ అలాంటి యంత్రాలు సంస్థల్లో ఉండేవి. అక్కడైనా ఇక్కడైనా, ఇంట్లో పెట్టుకునేవి కావు.

1979లో ఎంఐటీ వాళ్ళే కొందరు కలిసి ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. జోర్క్‌ని ఇళ్ళల్లోని కంప్యూటర్లకి అమ్ముదామనుకున్నారు. అప్పుడు రెండు గోడలు అడ్డొచ్చాయి.

మొదటిది సైజు. పెద్ద యంత్రంలో జోర్క్ దాదాపు ఒక మెగాబైట్ తినేది. మీ ఫోన్‌లో ఒక ఫొటో అంతకంటే పెద్దది! కానీ అప్పటి హోమ్ కంప్యూటర్ టీఆర్ఎస్-80లో... నవ్వకండి, పార్టీ కాదు, టాండీ రేడియో షాక్ అని అర్థం... అందులో 32 కిలోబైట్ల మెమరీ ఉంటే గొప్ప. అంటే ముప్పయ్యో వంతు.

రెండోది, ఏ కంప్యూటర్ భాష దానిదే. టీఆర్ఎస్-80లో ఉన్నది జెడ్80 చిప్. యాపిల్-2లో ఉన్నది 6502. దీనికి రాసింది దానికి అర్థం కాదు. మరి ఒక్కో కంప్యూటర్‌కీ ఆటంతా మళ్ళీ రాయాలా?

మార్క్ బ్లాంక్, జోయెల్ బెరెజ్ ఇద్దరూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. అసలు లేని కంప్యూటర్‌ని ఒకదాన్ని కాగితం మీద ఊహించుకున్నారు. దాని పేరు జెడ్-మెషీన్. ఆటని ఆ ఊహా యంత్రం కోసం ఒక్కసారే తయారుచేశారు. తర్వాత ఒక్కో నిజమైన కంప్యూటర్‌కీ ఒక చిన్న దుబాసీ ప్రోగ్రాం రాశారు. ఆట ఏమంటోందో ఆ దుబాసీ తన యంత్రానికి అర్థమయ్యేలా చెప్తుంది. కొత్త కంప్యూటర్ మార్కెట్లోకి వస్తే కొత్త దుబాసీ చాలు. ఆటని ముట్టుకోనక్కర్లేదు.

మరి సైజు? మ్యాప్‌ని కోసి, సుమారు వంద గదులతో మొదటి భాగం చేశారు. మూడేసి అక్షరాల్ని రెండు బైట్లలో కుక్కారు. ఆటలో ఎక్కువ భాగాన్ని ఫ్లాపీలోనే ఉంచి, కావాల్సిన ముక్కని అప్పటికప్పుడు మెమరీలోకి తెచ్చుకున్నారు. 1980 చివర్లో జోర్క్-1 టీఆర్ఎస్-80 మీద విడుదలైంది.

తర్వాత ఏమైంది? 1986లో ఇన్ఫోకామ్‌ని యాక్టివిజన్ కొనేసింది. 1989లో మూసేసింది. టీఆర్ఎస్-80 మ్యూజియం వస్తువైపోయింది. కానీ అభిమానులు జెడ్-మెషీన్ ఎలా పనిచేస్తుందో విప్పి చూసి, కొత్త కంప్యూటర్లకి కొత్త దుబాసీలు రాసుకుంటూ వచ్చారు. అందుకే జోర్క్ ఇప్పుడు మీ ఫోన్‌లో కూడా ఆడుతుంది. 2023లో యాక్టివిజన్ మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. హఫీజ్‌పేట, కొండాపూర్ దాటి గచ్చిబౌలి వెళ్తే పెద్ద క్యాంపస్ కనిపిస్తుంది చూడండి, ఆ మైక్రోసాఫ్టే. 2025 నవంబర్‌లో జోర్క్ మూడు భాగాల సోర్స్ కోడ్‌ని అందరికీ వదిలేశారు, అదీ ఎంఐటీ లైసెన్స్ కింద. పుట్టింటి పేరు మళ్ళీ తగిలింది.

ఇప్పుడు నాన్న ప్రశ్నకి వద్దాం. ప్రోగ్రాం రాసేవాళ్ళు తమకే తెలియకుండా కొన్ని అనేసుకుంటారు. మెమరీ బోలెడుంది, యంత్రం ఎప్పటికీ ఇదే ఉంటుంది అని. పోర్ట్ చేసేవాళ్ళ పని వాటిని వెతికి బయటికి తీయడం. ఒక ఉదాహరణ. జెడ్-మెషీన్ ఒక్కో అక్షరానికి 5 బిట్లు ఇచ్చింది, అంటే 32 గళ్ళు. 26 అక్షరాల ఇంగ్లీషుకి అది చాలు. మన యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఎక్కడ పెడతాం? పైగా మనం "దీపం తీసుకో" అంటాం, "దీపాన్ని తీసుకో" అంటాం, "తీసుకో దీపం" అన్నా తప్పు కాదు. దీన్ని తెలుగులోకి తేవాలంటే మాటలు మారిస్తే సరిపోదు. ఆట వినే పద్ధతే మార్చాలి.

ఈమధ్య నాన్నకి ఫోన్‌లో జోర్క్ పెట్టిచ్చాను. ఆయన పుట్టుకొచ్చిన దారులన్నీ వెతికి, కాసేపటికి దీపం సంపాదించారు. "నలభై ఏళ్ళ పైబడ్డ ఆట నాన్నా ఇది. రాసినవాళ్ళు నలుగురు. ఇక్కడిదాకా మోసుకొచ్చినవాళ్ళు ఎంతమందో" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "నువ్వు చేసేది ఈ మోత పనేనా?" అన్నారు.

అవును నాన్నా, ఇదే.

మీ ఇంట్లో ఎవరైనా మైగ్రేషన్ ప్రాజెక్ట్‌లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం.