జీతం, దారి, భూమి: లారా ఇంగాల్స్ వైల్డర్ కౌమార నవలలో ప్రణయ చిత్రణ

సంగ్రహం

అమెరికా ప్రేయరీ మైదానాలకు తరలివెళ్లిన కుటుంబాల జీవితం మీద పిల్లల కోసం వచ్చిన చారిత్రక నవలల్లో ‘దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్’కు ప్రత్యేక స్థానం ఉంది. 1943లో వెలువడిన ఈ పుస్తకంలో ఒక పల్లె పంతులమ్మకూ ఒక యువరైతుకూ మధ్య సుమారు మూడేళ్లపాటు పెరిగిన అనుబంధమే కథ. ఆ అనుబంధాన్ని రచయిత్రి జీతం, దారి, భూమి అనే మూడు వాస్తవాల మీద నిలబెట్టారనీ, మొదటి రెండింటి విషయంలో చాలావరకు చూపిన నిజాయితీ భూమి దగ్గరికి వచ్చేసరికి సడలిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ఆధారం అదే జీవితం మీద ఆమె రాసిన మరో రెండు రచనలు. వ్యాసంలో ‘వైల్డర్’ అన్నచోట రచయిత్రి అనీ, ‘లారా’ అన్నచోట పాత్ర అనీ గ్రహించాలి.

1. రచనా నేపథ్యం

వైల్డర్ 1867లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పెపిన్ దగ్గర పుట్టి, 1957లో మిస్సోరీలోని మాన్స్‌ఫీల్డ్‌లో కన్నుమూశారు. తొలి పుస్తకం ‘లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్’ 1932లో వచ్చేనాటికి ఆమెకు 65 ఏళ్లు. 1943 నాటికి ఎనిమిది పుస్తకాలు పూర్తయ్యాయి. వాటిలో అయిదింటికి న్యూబెరీ ఆనర్ గౌరవం దక్కింది. ఎనిమిదో దానికి అది 1944లో వచ్చింది. సంపుటాలు ముందుకు సాగేకొద్దీ కథానాయిక వయసుతో పాటు వాక్యాల బరువూ పెరుగుతుంది. మొదటి పుస్తకం అమ్మ ఒడిలో కూర్చుని వినే పిల్లలకైతే, ఎనిమిదోది పెళ్లీడు గురించి ఆలోచించే పాఠకులకు.

ఈ వరుసకు ముందే, 1930లో, వైల్డర్ తన బాల్య యౌవనాలను పెద్దల కోసం ‘పయొనీర్ గర్ల్’ పేరుతో రాసుకున్నారు. అప్పట్లో ప్రచురణకర్తలెవరూ దాన్ని తీసుకోలేదు. పమేలా స్మిత్ హిల్ సంపాదకత్వంలో, విస్తృత వ్యాఖ్యలతో, 2014లో సౌత్ డకోటా హిస్టారికల్ సొసైటీ ప్రెస్ దాన్ని అచ్చువేసింది. పెళ్లి తర్వాతి రోజుల మీద వైల్డర్ రాసి, తుదిమెరుగులు దిద్దకుండా వదిలేసిన వ్రాతప్రతి ఆమె మరణానంతరం 1971లో ‘ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్’గా వచ్చింది. బాలల సంపుటాలను కుమార్తె రోజ్ వైల్డర్ లేన్ గట్టిగా దిద్దారు. అసలు రచయిత్రి రోజేనని పరిశోధకుడు విలియం హోల్ట్జ్ 1993లో వాదించాడు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకున్నవారు తక్కువే అయినా, ఆ పుస్తకాల్లో రెండు చేతులున్నాయన్న సంగతి నేడు సర్వసమ్మతం. కాబట్టి ఒకే ప్రణయాన్ని మూడు రచనల్లో పక్కపక్కన పెట్టి చూడటం ఉచితమైన పద్ధతి.

2. జీతం

నవల ప్రేమతో మొదలుకాదు, ఉద్యోగంతో మొదలవుతుంది. ఇంకా పదహారు నిండని లారాను తండ్రి ఇంటికి 12 మైళ్ల దూరంలో ఉన్న బ్రూస్టర్ బడి దగ్గర దించి వెళ్తాడు. అయిదుగురు విద్యార్థులు, రెండు నెలల బడి, నెలకు 20 డాలర్లు. ఆమె బస చేసిన బ్రూస్టర్ల ఇల్లు ఒక చిన్న పలకల గుడిసె. ఆమె పడక గుడ్డతెర వెనక ఒక సోఫా. ఆ ఇంటి ఇల్లాలు మైదానపు ఒంటరితనానికి మనసు చెడి, ఒక రాత్రి చేతిలో కత్తితో నిలబడి, తూర్పు ప్రాంతానికి తిరిగి వెళ్దామని భర్తను నిలదీస్తుంది. తెర సందులోంచి లారా అదంతా చూస్తుంది. ప్రణయగాథగా పేరుబడ్డ పుస్తకంలో పాఠకులకు ఎదురయ్యే తొలి దాంపత్యం ఇది. ఇష్టం లేని నేల మీద, పోయేదారి లేని పెళ్లిలో స్త్రీ ఏమవుతుందో ముందే చూపించి ఆ తర్వాతే వైల్డర్ ప్రణయానికి తెర తీశారు. ఈ వరుస యాదృచ్ఛికం అనుకోలేం.

తర్వాత పెర్రీ బడిలో లారా జీతం నెలకు 25 డాలర్లు, విల్కిన్స్ బడిలో 30. సంపాదన పెరిగేకొద్దీ ఆమె మాటకు బరువు పెరగడం నవలంతటా కనిపిస్తుంది. చూపు కోల్పోయిన అక్క మేరీ అయోవాలోని వింటన్‌లో అంధుల కళాశాలలో చదువుతోంది. ఆ చదువు సాగడానికే లారా బడి చెబుతోందని పుస్తకం పదేపదే గుర్తుచేస్తుంది. అయితే మేరీ చదువు రుసుమును భరించింది డకోటా టెరిటరీ ప్రభుత్వం. కుటుంబం మీద పడింది బట్టలు, ప్రయాణాల వంటి ఖర్చు. ప్రభుత్వ సాయం ఊసు లేకుండా కథ నడపడం వెనక 1930ల రాజకీయం ఉంది. ఆర్థికమాంద్యం నాటి న్యూడీల్ పథకాలంటే వైల్డర్‌కూ రోజ్‌కూ గిట్టేది కాదు. స్వశక్తితో నిలబడ్డ కుటుంబం అనే చిత్రానికి సర్కారు సొమ్ము అడ్డొస్తుంది.

3. దారి

బ్రూస్టర్ బడి రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం యువరైతు ఆల్మంజో వైల్డర్ మంచుబండి కట్టుకుని బడి ముందు నిలుస్తాడు. ఎవరూ అడక్కుండానే వచ్చాడు. ఇంటికి వెళ్లాలన్న తపన ఒకవైపు, అతనికి ఆశ కల్పిస్తున్నానేమోనన్న సంకోచం మరోవైపు లారాను వేధిస్తాయి. చివరికి ఆమె సూటిగా చెప్పేస్తుంది: ఇంటికి చేరడం కోసమే నీ బండి ఎక్కుతున్నాను, బడి ముగిశాక నీతో రాను. అంత ఖరాఖండీగా చెప్పాక కూడా మరుసటి శుక్రవారం అతను వచ్చాడు.

ఆ ప్రయాణాల్లో ఒకటి సున్నాకు 40 డిగ్రీల దిగువన జరుగుతుంది. ఫారెన్‌హీట్, సెల్సియస్ కొలమానాలు రెండూ ఒకే అంకె చూపే చలి అది. గుర్రాల ఊపిరి ముక్కుల దగ్గరే గడ్డకట్టి గాలి ఆడదు. అతను కొంత దూరానికొకసారి దిగి, చేత్తో ఆ మంచు తొలగించి, మళ్లీ పగ్గాలు పడతాడు. లారాకు చలి తెలియడం మానేసి హాయిగా నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్ర మరణమని తెలిసిన ఆల్మంజో ఆమెను కుదిపి లేపుతూ మాట్లాడిస్తూ ఉంటాడు. ఈ ఘట్టంలో ప్రేమవాక్యం ఒక్కటీ లేదు. అతనెలాంటివాడో గుర్రం ముక్కు మీది మంచు తుడిచే చేయి చెబుతుంది. బాలసాహిత్యంలో శృంగారానికి ఉన్న హద్దులను వైల్డర్ ఇలా బలంగా మలచుకున్నారు.

మంచు కరిగాక బండి బగ్గీ అవుతుంది, బెదురు గుర్రాలను మచ్చిక చేసే పనిలో లారా చేతికీ పగ్గాలు అందుతాయి. ఉంగరం మాట వచ్చినప్పుడు, అది ఇచ్చేవారెవరన్నదాన్ని బట్టి ఉంటుందనీ, నేనే ఇస్తేనో అని అతనడిగితే ఉంగరాన్ని బట్టి ఉంటుందనీ ఆమె చమత్కరిస్తుంది. గార్నెట్ రాయికి ముత్యాలు పొదిగిన ఉంగరాన్ని అతను తెస్తాడు. పెళ్లి ప్రమాణంలో భర్త ఆజ్ఞకు లోబడతానన్న మాట తాను పలకనంటుంది లారా. తన అక్క ఎలైజా జేన్‌లా స్త్రీల హక్కుల పక్షమా అని అతనడిగితే కాదనీ, ఓటు తనకు అక్కర్లేదనీ బదులిస్తుంది. వాళ్ల పెళ్లి జరిగిన 1885లోనే డకోటా టెరిటరీ చట్టసభ స్త్రీల ఓటుహక్కు బిల్లును ఆమోదించింది. గవర్నర్ గిల్బర్ట్ పియర్స్ దాన్ని తిరస్కరించాడు. ఆనాటి రాజకీయ వివాదం ఈ చిన్న సంభాషణగా నవలలోకి వచ్చింది.

4. దిద్దుబాట్లు

‘పయొనీర్ గర్ల్’తో పోల్చితే నవలలో జరిగిన మార్పులు బయటపడతాయి. బ్రూస్టర్ల అసలు ఇంటిపేరు బౌషీ. బగ్గీలో ఆల్మంజో పక్కన చోటు కోసం పోటీపడే నెల్లీ ఓల్సన్ ఒక్క మనిషి కాదు. నెల్లీ ఓవెన్స్, జెనవీవ్ మాస్టర్స్, స్టెల్లా గిల్బర్ట్ అనే ముగ్గురిని కలిపి అల్లిన పాత్ర. బగ్గీ షికార్లకు వచ్చింది స్టెల్లా. చిన్ననాటి నుంచి పాఠకులు ఎరిగిన ప్రత్యర్థినే చివరిదాకా నడపడం నవలా శిల్పానికి మేలు చేసింది.

వయసు మార్పు అంత తేలికైనది కాదు. ఆల్మంజో 1857లో పుట్టాడు; ఇద్దరికీ పదేళ్ల తేడా. ఇదే వరుసలోని ‘ద లాంగ్ వింటర్’ (1940)లో అతన్ని 19 ఏళ్లవాడిగా చూపి ఆ తేడాను తగ్గించారు. 18 ఏళ్ల అమ్మాయి, 28 ఏళ్ల రైతు 1885 ఆగస్టు 25న పెళ్లి చేసుకోవడం ఆనాటి డకోటాలో వింత కాదు. 1940ల పాఠకులకు మాత్రం ఎబ్బెట్టు కావచ్చు. గతాన్ని రాసే కాలపు అభిరుచికి గతం ఎలా సర్దుకుంటుందో చెప్పడానికి ఇది చక్కటి నిదర్శనం.

5. భూమి

ఈ ప్రణయానికి అడుగున ఉన్నది 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం. 21 ఏళ్లు నిండినవారు లేదా కుటుంబ యజమాని 160 ఎకరాలు పొంది, అయిదేళ్లు అక్కడే నివసించి సాగుచేస్తే ఆ నేల సొంతమవుతుంది. చెట్లు పెంచేవారికి మరో 160 ఎకరాలిచ్చే టింబర్ కల్చర్ చట్టం 1873లో వచ్చింది. ఆల్మంజోకు ఈ రెండు రకాల క్లెయిములూ, అంటే చట్టం కింద పొందిన భూములూ, ఉన్నాయి. అవివాహిత స్త్రీ తన పేర భూమి పొందవచ్చు. భర్తతో కాపురముంటున్న ఇల్లాలికి ఆ వీల్లేదు. పెళ్లయిన స్త్రీకి బడి ఉద్యోగం దొరకడమూ అరుదే. అంటే పెళ్లితో లారా జీతాన్నీ, సొంతంగా భూమి పొందే దారినీ ఒకేసారి వదులుకుంటోంది.

ఈ సంగతి నవల ఎక్కడా విప్పి చెప్పదు. సొంత పేర క్లెయిము వేసి, బడి కూడా నడిపిన అవివాహిత ఎలైజా జేన్ ఇందులో ఉంది. కానీ ఆమె ‘లిటిల్ టౌన్ ఆన్ ద ప్రేయరీ’లో పక్షపాతపు పంతులమ్మగానూ, ఇక్కడ ఆడంబరంగా పెళ్లి చేయించాలని చూసే ఆడపడుచుగానూ మాత్రమే కనిపిస్తుంది. ఆ హంగామా తప్పించుకోవడానికే పెళ్లి త్వరగా, నల్ల కాష్మియర్ దుస్తుల్లో, రెవరెండ్ బ్రౌన్ ఇంట్లో జరిగిపోతుంది. చట్టాన్ని విమర్శించే గొంతు ఒక్కటి మాత్రం వినిపిస్తుంది. భర్త పట్నంలో కూలికి వెళ్తే, గడువు నిండేదాకా క్లెయిము మీద కాపలా ఉండే కుట్టుపని మిసెస్ మెకీ, ఇలాంటి చట్టాలు చేసేవారికి లోకం తెలియదనీ, ఆడవాళ్లు చేస్తే మరింత తెలివిగా ఉండేవనీ విసుక్కుంటుంది.

ఇంకా లోతైన మౌనం మరొకటి. ఈ నేల ఒప్పందాల పేరుతో, బలప్రయోగంతో డకోటా జాతుల చేతుల్లోంచి జారి ఎంతో కాలం కాలేదు. బగ్గీ తిరిగే మైదానం మాత్రం ఎవరిదీ కానట్టు, ఎప్పుడూ ఖాళీగానే ఉన్నట్టు పరుచుకుని ఉంటుంది. వరుసలోని మిగతా పుస్తకాల్లో ఆదివాసుల చిత్రణపై వచ్చిన విమర్శల ఫలితంగానే 2018లో అమెరికా బాలల గ్రంథాలయ సంఘం వైల్డర్ పేరిట ఉన్న పురస్కారానికి పేరు మార్చింది.

6. గడప దాటిన తర్వాత

ఆల్మంజో కట్టిన కొత్త ఇంటి గడప దగ్గర నవల ఆగిపోతుంది. అదే కాలాన్ని ‘ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్’ మరోలా మొదలుపెడుతుంది. అందులో లారా రైతును పెళ్లాడనని ముందే చెబుతుంది. సేద్యంలో కష్టం స్త్రీది, లాభం పట్నంవాళ్లది అని ఆమె వాదన. మూడేళ్లు చూద్దాం, కుదరకపోతే వ్యవసాయం మానేద్దాం అన్న ఒప్పందం మీద పెళ్లి జరుగుతుంది. ఆ ఇంటి మీద 500 డాలర్ల అప్పుందని ఆమెకు తెలిసేది కాపురానికి వచ్చాకే. వడగళ్లు, కరువు, ఇద్దరికీ డిఫ్తీరియా, ఆల్మంజోకు పక్షవాతం వరసగా వస్తాయి. 1889 ఆగస్టులో పసికందు పోతాడు; అదే నెలలో ఇల్లు కాలిపోతుంది. వాస్తవంలో ఆ కుటుంబం 1894లో డకోటాను శాశ్వతంగా వదిలి మిస్సోరీ చేరింది.

రైతు పెళ్లాంగా బతకడంపై లారా చేసిన ఈ ముందస్తు బేరం 1943 నవలలో లేదు. లొంగుబాటు మాటను నిరాకరించే లారాను రచయిత్రి ఉంచారు, లెక్కలు అడిగే లారాను తొలగించారు. స్వభావానికి సంబంధించిన ధైర్యం బాల పాఠకులకు అందింది. ఆస్తికి సంబంధించిన ధైర్యం వ్రాతప్రతిలో ఉండిపోయింది.

7. తర్వాతి తరం

ఈ ఖాళీలను తర్వాతి రచయితలు పూరిస్తూ వచ్చారు. పట్రీషియా మెక్‌లాక్లన్ ‘సారా, ప్లెయిన్ అండ్ టాల్’ (1985)లో ప్రకటన చూసి ఉత్తరాలు రాసి మెయిన్ నుంచి వచ్చిన స్త్రీని తల్లిలేని పిల్లల కళ్లతో చూపింది. ఆమె ఉంటుందా వెళ్లిపోతుందా అన్నదే అక్కడి ఉత్కంఠ. కర్బీ లార్సన్ ‘హ్యాటీ బిగ్ స్కై’ (2006)లో పదహారేళ్ల అమ్మాయి 1918 నాటి మోంటానాలో ఒంటరిగా క్లెయిము నిలుపుకోవడానికి పోరాడుతుంది. ఒజిబ్వే వారసత్వం గల లూయీస్ ఎర్‌డ్రిక్ ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ (1999)లో 1847 నాటి ఆదివాసీ బాలిక ఇంటిని కథాకేంద్రం చేసింది. లిండా స్యూ పార్క్ ‘ప్రేయరీ లోటస్’ (2020)లో డకోటాకు వచ్చిన చైనా సంతతి బాలిక ఉంది.

ముగింపు

‘దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్’ను అబద్ధమని కొట్టిపారేయలేం, చరిత్ర అని చేతికివ్వలేం. సొంత జీతం ఉన్న అమ్మాయికి కాదనే శక్తి ఉంటుందనీ, మనిషి ప్రేమ అతని పనిలో తెలుస్తుందనీ అది చెప్పినంత హుందాగా చెప్పిన బాలల నవలలు కొద్ది. ఆ శక్తిని చట్టం, అప్పు, భూమి ఎలా హరించాయో చెప్పే బాధ్యతను మాత్రం అది తీసుకోలేదు. అందువల్ల ఈ పుస్తకాన్ని పిల్లలకు ఇచ్చే ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ, చదివేవారి వయసును బట్టి, ‘ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్’నూ ‘ద బర్చ్‌బార్క్ హౌస్’నూ దాని పక్కనే ఉంచాలి.